కడిగినా గరుకు పోని కారు పెయింట్: రబ్బింగ్ కొట్టించే ముందు ఇది చదవండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఆరేళ్ల తెల్ల హ్యాచ్‌బ్యాక్. హైదరాబాద్ మియాపూర్‌లో కొంతకాలంగా ఆరుబయటే పార్కింగ్, పక్క ప్లాట్‌లో టవర్ లేస్తోంది. షాంపూ పెట్టి ఎంత కడిగినా బానెట్ మీద చెయ్యి వేస్తే గరుగ్గా తగులుతోంది, డిక్కీ తలుపు మీద సన్నటి గోధుమరంగు చుక్కలు కనిపిస్తున్నాయి. వాషింగ్ సెంటర్ వాళ్లు "రబ్బింగ్ కొట్టి సిరామిక్ వేసేస్తాం" అని పద్దెనిమిది వేలు చెప్పారు (రబ్బింగ్ అంటే మెషీన్‌తో పెయింట్ పైపొరని అరగదీసి మెరుపు తేవడం, సిరామిక్ అంటే దాని మీద వేసే రక్షణ పూత). చేయించాలా, లేక ఇంట్లో ఏమైనా చేసుకోవచ్చా?

నేను చాలాకాలం బాడీ షాపులో పెయింట్ బూత్ పని చేసి, ఆ తర్వాత డీటెయిలింగ్‌లోకి, అంటే కార్లని లోతుగా శుభ్రం చేసి మెరుగుపెట్టే పనిలోకి వచ్చినవాణ్ణి. రెండు వైపులా చూశాను కాబట్టి చెప్తున్నా: ఇప్పుడే రబ్బింగ్ వద్దు. మీరు చెప్పిన లక్షణాల్లో పెయింట్ పాడైనట్టు చెప్పేది ఒక్కటీ లేదు. అన్నీ పెయింట్ మీద ఏదో అతుక్కుని కూర్చుందని చెప్పేవే. గరుకు వేరు, గీతలు వేరు. గరుకు అంటే పైన ఏదో ఉన్నట్టు, గీత అంటే పెయింట్‌లో కొంత పోయినట్టు. పైన ఉన్నదాన్ని దించడానికి పెయింట్‌ని కోయక్కర్లేదు.

కోయడం అని ఊరికే అనలేదు. ఫ్యాక్టరీ పెయింట్ అంతా కలిపి సుమారు 100 నుంచి 130 మైక్రాన్ల మందం ఉంటుంది, అంటే మిల్లీమీటరులో పదో వంతు కంటే కాస్త ఎక్కువ. అందులో మెరుపునిచ్చే పై పొర, మనం క్లియర్ కోట్ అనేది, దాదాపు 35 నుంచి 50 మైక్రాన్లే. ఎండలోని అతినీలలోహిత కిరణాల్ని ఆపే పదార్థాలు ఉండేది ఆ పొరలోనే. రోటరీ మెషీన్‌కి ఊలు ప్యాడ్ తగిలించి ముదురు కాంపౌండ్‌తో (రాపిడి పేస్టుతో) గట్టిగా కొడితే ఒక్క దఫాలో కొన్ని మైక్రాన్లు పోతాయి. పోయింది మళ్లీ రాదు. రూఫ్, బానెట్ మీద పొరలు లేచిపోయి తెల్లగా పొక్కులు కట్టిన పాత కార్లు మన రోడ్ల మీద ఎన్ని తిరుగుతున్నాయో చూస్తూనే ఉంటారు. వాటిలో ఎండ పాపం ఎంతుందో, ఏటేటా కొట్టించిన రబ్బింగ్ పాపమూ అంతే ఉంటుందని నా అభిప్రాయం.

ఇంకో తిరకాసు కూడా ఉంది. గరుకు దించకుండా నేరుగా మెషీన్ పెడితే ఆ రేణువులు ఊడి ప్యాడ్‌లో ఇరుక్కుంటాయి, ప్యాడ్ తిరిగినంతసేపూ పెయింట్‌ని గీస్తాయి. ఆ గీతల్ని కప్పడానికి నూనె ఎక్కువున్న పాలిష్ పూసి బండి మీ చేతికిస్తారు. రెండు మూడు వాష్‌లకు ఆ నూనె పోయి గీతలు బయటపడతాయి.

ముందు ఏం అతుక్కుందో తెలుసుకోండి. కారు కడిగి, తడిగా ఉండగానే ఒక పల్చటి పాలిథిన్ కవర్‌లో చెయ్యి దూర్చి, వేళ్ల కొసలతో బానెట్, రూఫ్, డోర్ల కింది భాగం, డిక్కీ తలుపు మీద మెల్లగా జరపండి. కవర్ మీదుగా చిన్న రేణువు కూడా స్పష్టంగా తగులుతుంది. ఎక్కడ ఎక్కువుందో గుర్తు పెట్టుకోండి. అన్ని ప్యానెళ్లకూ ఒకే జబ్బు ఉండదు.

గోధుమరంగు చుక్కలు దాదాపు ఖాయంగా ఇనుము. బ్రేకు వేసినప్పుడల్లా డిస్క్, ప్యాడ్ అరిగి సన్నటి ఇనుప పొడి లేస్తుంది, వెనక్కి చుట్టుకునే గాలితో వచ్చి డిక్కీ తలుపు మీద వాలుతుంది. సైట్‌లో ఊచలు కోసే గ్రైండర్ నిప్పురవ్వలైతే వేడిగా వచ్చి క్లియర్ కోట్‌లోకి దిగబడతాయి. అక్కడే తుప్పు పట్టి ఉబ్బుతాయి, మీకు కనిపించే చుక్క ఆ తుప్పే. రైలు పట్టాల పక్కన పార్క్ చేసే కార్లకూ ఇదే బాధ. షోరూమ్ నుంచి తెచ్చిన కొత్త కారు కూడా దారిలో, స్టాక్‌యార్డులో ఇనుప పొడి పట్టించుకుని రావచ్చు. తెల్ల కారు మీద చుక్కలు కనిపిస్తాయి కాబట్టి మీరు కంగారు పడ్డారు. నల్ల కారు వాళ్లకి అవే ఉన్నా కనిపించవు, అంతే తేడా.

బానెట్, రూఫ్ మీది గరుకు మాత్రం ఎక్కువగా సిమెంటు ధూళి, బోరు నీళ్ల మరకలు అనుకుంటున్నా. సిమెంటు ధూళి పొడిగా ఉన్నంతసేపు నీళ్లకి పోతుంది. చలికాలంలో తెల్లవారుజామున మంచు పడుతుంది చూడండి, ఆ తడికి అది బిగుసుకుంటుంది. ఉదయం ఎండకి ఆరుతుంది. రోజూ కాస్త చొప్పున పొర కడుతుంది. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. బండి కడిగి తుడవకుండా ఎండలో వదిలేస్తే నీరు ఆవిరై, లవణం తెల్లటి వలయంలా మిగిలిపోతుంది. డోర్ల కింద నల్లచుక్కలు ఉంటే అది తారు. చెట్టు కింద పెడుతుంటే జిగురు.

ఇక పని. దీనికంతటికీ ఒకటే సూత్రం: కరిగేదాన్ని ముందు కరిగించండి, రుద్దాల్సిన దాన్ని చివరికి ఉంచండి. మాడిన గిన్నెని నానబెట్టకుండా పీచుతో తోమితే గిన్నె గీసుకుపోతుందే గానీ మాడు పోదు, ఇదీ అంతే.

ఎండలో మాత్రం చేయకండి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం బానెట్ మీద చెయ్యి పెట్టలేం, అలాంటి రేకు మీద ఏ మందు వేసినా పని చేసేలోపే ఆరి మరక కడుతుంది. స్నేహితుల అపార్ట్‌మెంట్ సెల్లార్ దొరికితే మంచిది, లేకపోతే ఎండెక్కకముందే మొదలుపెట్టి ఒక పూటకి సగం కారే చేయండి. ఇంజిన్ వేడి పూర్తిగా దిగాలి.

మొదటి పని కడగడం. గుడ్డ తగిలించే ముందు నీళ్ల ధారతోనే వీలైనంత ధూళి దింపేయండి. మన దగ్గర ధూళి గ్రానైట్ ధూళి, అందులో ఉండే స్ఫటికం క్లియర్ కోట్ కంటే చాలా గట్టిది. తర్వాత రెండు బకెట్లు: ఒకదాంట్లో కారు షాంపూ, రెండోదాంట్లో మామూలు నీళ్లు. మిట్‌ని (కారు కడిగే మెత్తటి చేతి తొడుగుని) ప్రతిసారీ నీళ్లలో జాడించి అప్పుడే షాంపూలో ముంచాలి. బట్టల సబ్బు పొడి, గిన్నెల లిక్విడ్ రోజువారీ వాడకానికి వద్దు.

తారు చుక్కలుంటే టార్ రిమూవర్ స్ప్రే చేసి, కరిగి కారడం మొదలయ్యాక మెత్తటి గుడ్డతో ఎత్తేయండి. డబ్ల్యూడీ-40 కూడా పనిచేస్తుంది. కిరోసిన్ మన పాత పద్ధతి, చుక్కల వరకు గుడ్డకి అద్ది వాడితే తప్పు లేదు గానీ వెంటనే షాంపూతో కడగాలి. పెట్రోలు, థిన్నర్ జోలికి పోవద్దు, ముఖ్యంగా ఎప్పుడైనా డెంటింగ్ పెయింటింగ్ చేయించిన ప్యానెల్ ఉంటే. చెట్టు జిగురుకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన దూది కాసేపు ఉంచితే మెత్తబడి వస్తుంది.

సిమెంటు, నీళ్ల మరకల దగ్గర జనం ఎక్కువ పొరపాట్లు చేస్తారు, అందుకే కాస్త వివరంగా చెప్తా. రెండూ కాల్షియం సరుకే, రెండూ పల్చటి ఆమ్లానికి కరుగుతాయి. కిరాణా షాపులో దొరికే తెల్ల వెనిగర్‌లో అసిటిక్ ఆమ్లం సుమారు 4, 5 శాతం ఉంటుంది. దానికి సమానంగా నీళ్లు కలపండి. మైక్రోఫైబర్ గుడ్డ అందులో తడిపి గడ్డ కట్టిన చోట పరిచి, రెండు మూడు నిమిషాలు ఉంచి తీయండి. రుద్దకండి. సన్నగా నురగ లేస్తే పని జరుగుతున్నట్టే. బాగా కడిగి, కవర్ పరీక్ష చేసి, మిగిలి ఉంటే మళ్లీ పరచండి. సిమెంటు బొట్టు మందంగా ఉంటే నాలుగైదు సార్లు పట్టొచ్చు, ఓపిక పట్టండి. బ్లేడుతో, కత్తితో, గోటితో గీకితే బొట్టుతో పాటు క్లియర్ కోట్ ముక్క కూడా ఊడి వస్తుంది. బాత్రూం యాసిడ్ పల్చగా చేసి పూసే వాళ్లని చూశాను, అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం, గీత పడి లోహం బయటపడిన చోటల్లా తుప్పు మొదలుపెడుతుంది. వెనిగర్ కూడా క్రోమ్, అల్యూమినియం, రబ్బరు మీద నిలవనీయకండి. అయ్యాక షాంపూతో మరోసారి మొత్తం కడగాలి. తర్వాత వాడే ఐరన్ రిమూవర్‌తో ఆమ్లం కలవకూడదు, కలిస్తే ఘాటైన, ఆరోగ్యానికి మంచిది కాని వాయువులు వస్తాయి.

ఇప్పుడు ఐరన్ రిమూవర్. ఇందులో పనిచేసేది థయోగ్లైకొలేట్ అనే రసాయనం, అది తుప్పులోని ఇనుముతో కలిసి నీళ్లలో కరిగే ఊదారంగు పదార్థంగా మారుతుంది. స్ప్రే చేసిన నిమిషంలో మీ తెల్ల కారు మీద ఊదా, ఎరుపు ధారలు కారతాయి. ఇంట్లో వాళ్లు కారుకి దెబ్బ తగిలిందేమోనని పరుగెత్తుకొస్తారు, ముందే చెప్పి పెట్టుకోండి. వాసన భరించడం కష్టం, కుళ్లిన గుడ్డులా ఉంటుంది, అందుకే గాలి ఆడే చోట, గ్లవ్స్ వేసుకుని చేయాలి. మూడు నుంచి ఐదు నిమిషాలు ఉంచండి, ఆరనీయకండి, ధారగా కడగండి. డిక్కీ తలుపు మీద రెండో దఫా కూడా వేయండి. చక్రాలకి కూడా వేస్తే దాని పనితనం అక్కడే అసలు తెలుస్తుంది, కాకపోతే చక్రాలు చల్లగా ఉండాలి. చాలా కార్లకి నేను ఇక్కడితోనే సగం గరుకు పోవడం చూశాను, ఇంతవరకూ పెయింట్‌ని ఎవరూ రుద్దలేదు, గమనించండి.

మిగిలిన గరుకుకే క్లే బార్. దీన్ని చూసి చాలామంది పిల్లల ఆట మట్టి అనుకుని ధైర్యంగా రుద్దేస్తారు. జపాన్‌కు చెందిన తాడావో కొడాతే పేరిట 1995లో దీనికి అమెరికా పేటెంట్ వచ్చింది. లోపల సన్నటి రాపిడి పొడి కలిపిన ముద్ద ఇది, కాబట్టి మెత్తగా ఉన్నా రాపిడి రాపిడే. పెయింట్‌కీ క్లేకీ మధ్య తడి పొర ఉంటేనే అది పైకి పొడుచుకొచ్చిన రేణువుల్ని మాత్రమే పట్టి లాగుతుంది. తడి తగ్గితే పెయింట్‌నే పట్టుకుంటుంది.

మీకు ఫైన్ గ్రేడ్ చాలు. మీడియం, హెవీ అనేవి కారు మీద పెయింట్ తుంపర్లు పడ్డప్పుడు బాడీ షాపులో వాడేవి, వాటి తర్వాత పాలిష్ తప్పదు. ముద్దలో సగం తీసుకుని చేతిలో పిసికి, మూడు వేళ్ల వెడల్పు బిళ్లలా చేయండి. సగం ఎందుకంటే అది కింద పడితే పారేయాల్సిందే. నేల మీది ఇసుక దానిలో దిగిపోతుంది, కడిగినా రాదు. అడుగున్నర చదరం చొప్పున తీసుకుని, క్లే లూబ్రికెంట్ గానీ పల్చటి షాంపూ నీళ్లు గానీ ధారాళంగా చల్లి, వేళ్ల బరువు తప్ప ఇంకేం ఒత్తిడి లేకుండా తిన్నగా ముందుకీ వెనక్కీ జరపండి. గుండ్రంగా తిప్పకండి. మొదట్లో సన్నగా గరగర శబ్దం వస్తుంది, చేతికి పట్టుకున్నట్టు తగులుతుంది. పది పన్నెండు సార్లలో శబ్దం ఆగి జారిపోవడం మొదలవుతుంది. అప్పుడు ఆపేయండి. బిళ్ల అడుగు చూడండి, గోధుమ, నలుపు మచ్చలు కనిపిస్తాయి. మడిచి, పిసికి, శుభ్రమైన వైపు పైకి తెచ్చి పక్క చదరానికి వెళ్లండి. రూఫ్, బానెట్‌తో మొదలుపెట్టి కింది భాగాలు చివర చేయాలి.

క్లే మిట్ అని గ్లవ్‌లా వస్తుంది, త్వరగా అవుతుంది, కింద పడినా కడిగి వాడుకోవచ్చు. కాకపోతే సన్నటి గీతలు కాస్త ఎక్కువ వదులుతుంది. మీది తెల్ల కారు కాబట్టి ఫర్వాలేదు, నల్లదో ముదురు నీలమో అయితే నేను వద్దనేవాణ్ణి. మ్యాట్ పెయింట్ ఉన్న కారుకి క్లే అసలు పెట్టకూడదు, అక్కడక్కడా మెరుపు మచ్చలు పడతాయి. అన్నట్టు, చేతిలో క్లే ఉండగానే ముందు అద్దం మీద కూడా ఒకసారి జరపండి. వానలో వైపర్ టకటకమంటూ ఎగురుతుంటే చాలాసార్లు దాంతోనే కుదురుతుంది.

ఇప్పుడు మళ్లీ కవర్ పరీక్ష. బానెట్ అద్దంలా జారుతుంది. అప్పుడు సెల్లార్ చీకట్లో ఫోన్ టార్చ్ పట్టి చూడండి. టార్చ్ వెలుగు చుట్టూ సాలెగూడులా గీతలు కనిపిస్తాయి, ఆరేళ్ల కారులో కనిపించకపోతే ఆశ్చర్యం. వాటిని తీయాలా వద్దా అనేది మీ ఇష్టం. అది గరుకు సమస్య కాదు, అందం సమస్య. పావురాల రెట్ట ఎండలో ఉండిపోయి క్లియర్ కోట్‌ని తిన్న మచ్చలుంటే అవి క్లేతో పోవు. పైపైవి పాలిష్‌తో పోతాయి, లోతుగా దిగినవి పోవు, వాటి కోసం ప్యానెల్ పల్చబరచుకోవద్దు.

పాలిష్ చేయాలనుకుంటే ముందు ఒక పరీక్ష. తెల్ల కార్లలో కొన్నిటికి క్లియర్ కోట్ ఉండదు, రంగే పై పొర. కనిపించని మూల కాస్త పాలిష్‌ని నల్ల గుడ్డతో రుద్దండి. గుడ్డకి పాలిష్ రంగు కాకుండా పెయింట్ తెల్లదనం గట్టిగా అంటుకుంటే మీది సింగిల్ స్టేజ్ పెయింట్. అలాంటి దానికి చాలా తేలిక పాలిష్ తప్ప ఏదీ వద్దు. క్లియర్ కోట్ ఉంటే డ్యూయల్ యాక్షన్ మెషీన్, ఫోమ్ ప్యాడ్, ఫినిషింగ్ పాలిష్ సరిపోతాయి. ఈ మెషీన్ తిరుగుతూనే అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి కొత్తవాడి చేతిలో కూడా పెయింట్ కాలిపోయే ప్రమాదం తక్కువ. రోటరీ ఒకేచోట తిరిగి వేడి పుట్టిస్తుంది, అంచుల దగ్గర, బాడీ గీతల మీద నిమిషంలో రంగు కింది ప్రైమర్ పొర దాకా దిగిపోతుంది.

పాలిష్ చేసినా చేయకపోయినా ఆ రోజే ఒక సీలెంట్ గానీ వ్యాక్స్ గానీ పూయాలి. మందులు, క్లే కలిసి పాత రక్షణ పొరని తుడిచేశాయి, పెయింట్ ఇప్పుడు ఒంటి మీద ఏమీ లేకుండా ఉంది. మన ఎండకి వ్యాక్స్ రెండు మూడు నెలలకి మించి నిలవదు, సింథటిక్ సీలెంట్ ఇంకాస్త మెరుగు. ఆఖరి కడుగు మంజీరా నీళ్లతో (కుళాయి నీళ్లతో) చేసి, ఆరనివ్వకుండా మైక్రోఫైబర్ టవల్‌తో అద్దండి. బోరు నీళ్లే దిక్కైతే తుడవడంలో ఇంకా వేగం కావాలి.

సిరామిక్ సంగతి అడిగారు. అది చెడ్డది కాదు. కాకపోతే గరుకు దించని పెయింట్ మీద వేస్తే ఆ గరుకుని లోపలే తాళం వేసి పెట్టినట్టు, తర్వాత తీయాలంటే కోటింగ్‌నీ కోయాల్సిందే. 9హెచ్ అని గొప్పగా చెప్తారు, అది పెన్సిల్ గట్టిదనం కొలత, రాయి గీసినా ఏం కాదని దానర్థం కాదు. ఇనుప రవ్వల్నీ, సిమెంటునీ, బోరు నీళ్ల మరకల్నీ అది ఆపదు, కడగడం సులువు చేస్తుంది, అంతే. సైట్ పక్కన ఆరుబయట నిలిపే కారుకి నేనైతే ఆ డబ్బు పెట్టను. టవర్ పని అయిపోయాక ఆలోచించండి.

నా లెక్క ప్రకారం షాంపూ, మిట్, ఐరన్ రిమూవర్, క్లే, సీలెంట్, నాలుగు మంచి టవళ్లు, అన్నీ కలిపి మూడు వేల చుట్టూ సరిపోతాయి. సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో ఆన్‌లైన్‌లోనో దొరుకుతాయి. ఐరన్ రిమూవర్ మీ పరిస్థితుల్లో నాలుగు నెలలకోసారి వాడండి. క్లే మాత్రం ఏడాదికి ఒకసారి మించొద్దు, అది కూడా కవర్ పరీక్షలో గరుకు తగిలితేనే.

రోజూ పొద్దున్నే ఒక బకెట్, ఒక గుడ్డతో అపార్ట్‌మెంట్‌లో వరసగా కార్లన్నీ తుడిచే అబ్బాయి ఉంటే అతని జీతం అలాగే ఉంచి పని మార్చండి. సైట్ ధూళి మీద ఆ తడిగుడ్డ చేసే నష్టం వాషింగ్ సెంటర్ మెషీన్ కంటే తక్కువేం కాదు. రోజూ తుడవక్కర్లేదు, అద్దాలు మాత్రం తుడవమనండి, వారానికొకసారి పైపుతో ధూళి దించమనండి. కారు కవర్ కప్పే ఆలోచన ఉంటే మానుకోండి, ధూళి పడిన కారు మీద కవర్ గాలికి అటూ ఇటూ కదిలితే పొద్దంతా రుద్దినట్టే.

ఓపిక లేక బయటే చేయించాలనుకుంటే సెంటర్ వాళ్లని ఈ మాటలు అడగండి: మెషీన్ పెట్టే ముందు ఐరన్ రిమూవర్, క్లే చేస్తారా, మీ ఎదుటే చేస్తారా? పాలిష్‌కి రోటరీయా, డ్యూయల్ యాక్షనా? పెయింట్ మందం కొలిచే మీటర్ ఉందా? మీటర్ ఉంటే ముందు మీ ఎదుట ప్రతి ప్యానెల్ కొలవమనండి. ఏ ప్యానెల్ అయినా 200 మైక్రాన్లు దాటితే అది ఎప్పుడో మళ్లీ పెయింట్ వేసిందని అర్థం, దాని మీద చెయ్యి తేలిగ్గా ఆడించమని చెప్పండి. ఈ ప్రశ్నలకి "అవన్నీ మాకు వదిలేయండి సార్" అని జవాబొస్తే తాళం చెవి జేబులో వేసుకుని వచ్చేయండి. ఐరన్ రిమూవర్ వేశాక డిక్కీ తలుపు ఫొటో తీసి పెడితే, రెండో దఫా అవసరమో కాదో చూసి చెప్తాను.